తేలిగ్గా లేచిన బరువు

బరువు లేవలేదని ఏడ్చినవాళ్ళున్నారు గాని, లేచిందని భయపడ్డ మనిషిని కడియపులంకలో ఎవరూ చూసి ఉండరు. తబిత భయపడింది.

సోమవారం అప్పుడే తెల్లవారింది. కాలవగట్టు పక్కన రేకుల షెడ్డులో, చెక్క పలకల మీద, డెబ్బయ్యైదు కిలోల బారు ముందు నిలబడి అరచేతులకు సుద్దపొడి రాసుకుంది. వంగి పట్టుకుంది. పిక్కలు బిగిశాయి, నడుము బిగిసింది, ఒక్క ఊపున బారు తొడలు రాసుకుంటూ వచ్చి భుజాల మీద కూర్చుంది. అక్కడ ఊపిరి తీసుకుని, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ విసిరి, తల మీదికి నెట్టింది. చేతులు నిటారుగా నిలిచాయి. మోచేతులు వణకలేదు. ఇంకో ఐదు కిలోలు వేసినా లేచేదేమో అనిపించింది, ఆ అనిపించడంతోనే గుండె జారింది.

తొమ్మిదేళ్ళు బారు ముట్టుకోని ఒళ్ళు అది. ఇద్దరు పిల్లల్ని కన్న ఒళ్ళు. మళ్ళీ మొదలుపెట్టి మూడు నెలలైనా కాలేదు. మొదటి వారం ఉత్త బారు ఎత్తితేనే, ఇంటికెళ్ళాక చిన్నపిల్ల షారోనుకి జడ వేయడానికి చేతులు పైకి రాలేదు. అలాంటిది ఇప్పుడు, పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి చెమటోడిస్తే వచ్చిన బలం, అప్పు తీసుకున్నవాడు పిలవకుండానే వచ్చి తిరిగి ఇచ్చినట్టు వచ్చేస్తోంది. అలా ఇచ్చేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

“దించు,” అన్నారు మాస్టారు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన భీమరాజుగారు ఈ షెడ్డు నడుపుతారు. పేరుకే భీముడు గాని మనిషి ములక్కాడ. బరువు బాగా లేస్తే తొడ మీద చరుచుకుని “అద్దీ!” అనడం ఆయన అలవాటు. ఆ అరుపు కోసమే పిల్లలు ప్రాణం పెట్టి ఎత్తుతారు. ఇవాళ చరుచుకోలేదు. దగ్గరికొచ్చి బారు వైపు కాకుండా తబిత వైపు చూశారు. గడ్డం కింద చూశారు, మెడ చూశారు. మోచెయ్యి పట్టుకుని చేతిని గుమ్మంలోంచి పడే వెలుతురు వైపు తిప్పి, భుజం దాకా పరీక్షగా చూశారు.

“నిద్ర సరిగ్గా పడుతోందా?”

“పడుకోగానే పడుతోందండి.”

“ఈ మధ్య కోపం గట్రా ఎక్కువగా వస్తోందా?”

“అది మా అత్తయ్యగారినడగాలండి,” అని నవ్వింది తబిత. ఆయన నవ్వలేదు.

“గొంతు బొంగురుపోయిందేంటి?”

“నిన్న చర్చిలో పాటలండి. క్వయిరులో పైస్వరం నాదే.”

“హుఁ,” అని, “పిండి రోజూ తాగుతున్నావా?” అన్నారు.

“రెండు పూటలా తాగుతున్నానండి.”

ఆయన మళ్ళీ “హుఁ” అన్నారు. సైకిలు తొక్కుకుంటూ, తను పనిచేసే మొక్కల నర్సరీకి వెళ్తున్నంతసేపూ ఆ రెండు హుఁలూ తబిత వెనకాలే వచ్చాయి. నిద్ర, కోపం, గొంతు. ఇవి కోచ్ అడిగే ప్రశ్నలు కావు. మందిచ్చినవాడు, ఆ మందు ఎలా పనిచేస్తోందో తెలుసుకోడానికి అడిగే ప్రశ్నలు.

పిండి ఆయన ఇచ్చిందే. షెడ్డుకొచ్చే ఆడపిల్లలందరికీ ఆయన భార్య మాణిక్యాంబగారు జావ పిండి ఆడించి డబ్బాల్లో పోసి ఇస్తారు. పాలల్లో కాచుకు తాగమంటారు. ఇన్నాళ్ళూ అది ఆప్యాయత అనుకుంది. కాని కిందటేడు ఇదే షెడ్డులో ఇదే పిండి తాగిన లావణ్య, రాష్ట్ర పోటీల్లో నెగ్గి, ఆ వెంటనే బలానికి వాడే నిషిద్ధ మందుల పరీక్షలో పట్టుబడింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగేళ్ళు బారు పట్టకూడదన్నారు. వెయిట్‌లిఫ్టింగ్ సంఘంవాళ్ళు పిలిచి అడిగితే భీమరాజుగారు చేతులు దులిపేసుకున్నారు. “పిల్లలు ఇంటి దగ్గరేం తింటారో నాకేం తెలుసు?” అన్నారట. ఆ పిల్ల ఒక్కత్తే నిలబడి మాటలు పడింది. ఊళ్ళో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. తెలిసి కూడా, “వచ్చి ఓసారి బారు పట్టుకోమ్మా, నీ చెయ్యి నేను మర్చిపోలేదు” అని ఆయన నర్సరీ దాకా వచ్చి పిలిస్తే తబిత వెళ్ళింది. ఆ పిలుపు కోసం ఎన్నాళ్ళుగా కాచుక్కూర్చుందో ఆమెకే తెలుసు.

శనివారం రాజమండ్రిలో జిల్లా ఎంపికలు. అందులో నెగ్గితే రాష్ట్ర పోటీలు. అక్కడ ఏదో ఒక స్థానం వస్తే, తను చదివిన స్కూల్లో ఆడపిల్లలకి నేర్పుతానని అడగడానికి ఒక ముఖం ఉంటుంది. పట్టుబడితే ఆ ముఖమే ఉండదు. తబిత మందు మింగిందట అంటారు. నాకు తెలీదండి అంటే నవ్వుతారు. లావణ్యని చూసి నవ్వినవాళ్ళలో తను లేదు గాని, నమ్మినవాళ్ళలో కూడా లేదు. ఆ సంగతి ఇప్పుడు గుచ్చుకుంది.

నర్సరీలో ఆ రోజు బెంగుళూరు లోడు. ఎర్రమట్టీ, కొబ్బరిపొట్టూ, పశువుల ఎరువూ కలిపి సంచుల్లో కూరిన మొక్కల్ని చంకకొకటి చొప్పున ఎత్తి లారీకి అందిస్తోంది తబిత. మధ్యాహ్నం వేళ మాణిక్యాంబగారు గొడుగేసుకుని వచ్చారు. మల్లెమొక్క కావాలట. ఊరి నిండా నర్సరీలుంటే ఎండనబడి ఇంత దూరం ఎందుకొచ్చారో!

“ఒంట్లో బాగుంటోందా అమ్మాయీ?”

“బాగానే ఉందండి.”

ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. “నెల నెలా సక్రమంగానే ఉంటోందా? ఏం లేదులే, బరువులెత్తే ఆడపిల్లలకి ఒక్కోసారి తేడాలొస్తాయని మాస్టారు... అదే, నేనే అడుగుదామని.”

“బాగానే ఉందండి,” అంది తబిత మళ్ళీ. చేతిలో ఉన్న క్రోటన్ సంచి దించడం మర్చిపోయి అలాగే నిలబడింది.

“మొహం మీద వెంట్రుకలవీ...?”

“లేవండి.”

“మంచిదమ్మా,” అని ఆవిడ గొడుగు సర్దుకుని వెళ్ళిపోయారు. మల్లెమొక్క మాట ఎత్తనేలేదు. అడగాల్సింది అడిగేశారు, ఇంక మల్లెలెందుకు?

ఆ సాయంత్రం కాచిన జావ గ్లాసులో పోసుకుని తబిత ముక్కు దగ్గర పెట్టుకుంది. అడుగున ఒక కమ్మటి మాడువాసన. మొదట్నించీ ఉన్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఏదైనా చేదుమందు వాసన తెలియకుండా ఉండటానికి వేశారేమో! భర్త విజయ్ పాల్ మొక్కలు తోలే ట్రాలీ ఆటో కడిగి వచ్చి అరుగు మీద కూర్చుంటే, వాసన చూడమని గ్లాసు చేతికిచ్చింది.

“బాగానే ఉందే,” అని సగం తాగేశాడు.

“తాగమన్లేదు, వాసన చూడమన్నాను. నాకు బలం మరీ తొందరగా వస్తోందండి. నాకేదో అనుమానంగా ఉంది.”

“నీ సంగతి వింతగా ఉందే తబితా. బలం రాకపోతే ఏడవాలి గాని, వస్తే ఏడుస్తారా ఎవరన్నా?” అని మిగతా సగం కూడా తాగి, మీసం తుడుచుకుని స్నానానికి పోయాడు. మగవాడికి అనుమానం పంచి పెడితే సగం కాదు, రెండింతలవుతుంది ఆడదానికి.

బుధవారం పొద్దున్న షెడ్డుకి వెళ్ళేసరికి మాస్టారు వెనక గుమ్మం దగ్గర ఫోనులో మాట్లాడుతున్నారు. “...లేదండి, నాకు నమ్మకం లేదు... మీ ఇష్టం కాదు, నేనే చెప్తున్నాను...” అంటున్నవారు తబితని చూడగానే ఫోను కట్టేశారు.

“ఎవరండి?”

“సంఘం కార్యదర్శి ఉదయభాస్కర్ గారు. ఏదో పని మీద,” అని, ప్లేట్లు సర్దే నెపంతో అటు తిరిగారు. ఆ రోజు ఎనభై వేయించలేదు. అరవైతోనే ఆపించారు. వెళ్ళబోతుంటే, “ఆ పిండి డబ్బా ఓసారి పట్రా అమ్మా. చూడాలి,” అన్నారు.

“సగం దాకా ఉందండి ఇంకా.”

“ఉన్నా సరే, పట్రా.”

ఎంపికలు మూడు రోజులున్నాయనగా ఇంట్లో ఉన్న డబ్బా తిరిగి తీసేసుకోవాలని చూస్తున్నాడంటే ఏమనుకోవాలి? లావణ్య డబ్బా కూడా ఇలాగే తిరిగి వచ్చేసి ఉంటుంది. అందుకే ఆ పిల్ల దగ్గర చూపించుకోడానికేమీ మిగల్లేదు. “రేపు తెస్తానండి,” అని చెప్పి తబిత సైకిలెక్కింది. తేకూడదని గట్టు దిగేలోపే నిశ్చయించుకుంది.

గురువారం విజయ్ పాల్ బండికి ఆత్రేయపురం లోడు తగిలింది. ఎవరో కొత్త ఇంటి ముందు వేసుకోడానికి పామ్ మొక్కలు. తబిత నర్సరీలో సెలవు పెట్టి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా గట్టు రోడ్డు పట్టుకుని వెళ్తున్నంతసేపూ, లావణ్యని ఎలా పలకరించాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది. పట్టుబడినప్పుడు ఒక్కసారి ఇంటికెళ్ళి చూసిరాలేదు. ఇప్పుడు తన ఒంటిమీదికొచ్చిందని వెళ్తోంది.

ఆ పిల్ల ఇప్పుడు ఆత్రేయపురంలో మేనత్త ఇంట్లో ఉండి పూతరేకులు చేస్తోంది. పాకలో నేలబారు పొయ్యి, పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి కాలిన కుండ మీదుగా ఒక్కసారి లాగింది లావణ్య. గుడ్డ వెనకాలే రేకు ఆరిపోయింది. అంచు పట్టి మెల్లగా లేపి పక్కన పేర్చింది. భుజాలు చిక్కిపోయాయి. తబితని చూసి లేవలేదు. కూర్చోమని పీట మాత్రం తోసింది.

“మీరు మళ్ళీ మొదలెట్టారని విన్నానక్కా.”

“నువ్వెలా ఉన్నావు?”

“ఇలా ఉన్నాను,” అంది. ఇంకో రేకు లాగింది.

కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. తబిత తిన్నగానే అడిగేసింది. “ఆయనే ఇచ్చాడా లావణ్యా? ఆ పిండిలోనేనా?”

లావణ్య గుడ్డ పిండినీళ్ళలో వదిలేసి, చేతులు తుడుచుకుంది. “తెలీదక్కా. ఇప్పటికీ తెలీదు. పిండి తాగాను. మెడికల్ షాపులో మోకాలి నొప్పికి బిళ్ళలు కొన్నాను. కాకినాడ క్యాంపులో ఎవరో అమ్మాయి ఇచ్చిన ప్రొటీను తాగాను. దేంట్లో ఉందో ఏం చెప్పను? మాస్టారిచ్చారని చెప్పడానికి నోరు రాలేదు. ఇవ్వలేదని ఒట్టేయడానికీ నోరు రాలేదు.” కాసేపు మంట చూసి, “ఆయనొచ్చి నా పక్కన నిలబడుంటే, ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు బాధ ఉండేది కాదక్కా. దులిపేసుకుని వెళ్ళిపోయారు,” అంది.

“నేను పిండి మానేస్తే?”

“ఆ మందులు మానేశాక కూడా నెలల తరబడి ఒంట్లోనే ఉంటాయట. నాకు డాక్టరు చెప్పాడు.”

శనివారానికి రెండు రోజులే ఉంది. తబిత పీట ముందుకి జరుపుకుంది. “ఆ పిండికి మాడిన మినుముల వాసనేస్తుంది కదా. అందులో ఏమన్నా కలిపి...”

“మినుములేంటి?” అంది లావణ్య. “అమ్మగారి పిండిలో మినుములుండవక్కా. మొలకలెత్తించిన చోళ్ళు, వేరుశెనగపప్పు, యాలకులు. అంతే. రెండేళ్ళు తాగాను, నాకు తెలీదా?”

తిరుగు ప్రయాణంలో బ్యారేజీ మీద గాలి ఈడ్చి కొడుతున్నా తబితకి చెమటలు పట్టాయి. అందరికీ ఒక పిండి, తనకొక పిండి. అనుమానం ఇప్పుడు అనుమానం కాదు, చేత్తో పట్టుకుని చూసే వస్తువైపోయింది. నర్సరీ దాకా వచ్చి పిలిచింది అందుకే. తొమ్మిదేళ్ళు మూలపడిన మనిషినైతే, పోయినా పోయేదేమీ లేదనుకున్నాడు. ఏడుపొచ్చింది. మందు పెట్టాడని కాదు. “నీ చెయ్యి నేను మర్చిపోలేదు” అన్న మాట కూడా అబద్ధమే కదా అని.

శుక్రవారం పొద్దున్న షెడ్డుకి వెళ్ళలేదు. జావ కాచినట్టే కాచి, పెరట్లోకి తీసుకెళ్ళి కోళ్ళ గిన్నెలో పోసేసింది. కోళ్ళు ఎగబడి తాగుతుంటే, వాటికి కూడా కండలొస్తాయేమోనన్న పిచ్చి ఆలోచన వచ్చింది.

“ఏంటే అది? కోళ్ళకి పోస్తున్నావేంటి?” అంటూ అత్తగారు సంపూర్ణమ్మ కర్ర పొడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “నల్లమినుములు కిలో ఎంతుందో తెలుసా? వేయించి వేయించి నా చేతులు పడిపోతుంటే, కోళ్ళకా?”

తబిత గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగింది. “మీ మినుములేంటి అత్తయ్యా?”

సంపూర్ణమ్మ నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడమే నేరం ఒప్పుకోవడం. ఆ ఇంట్లో అలాంటిది జరిగి ఏళ్ళయింది.

“అత్తయ్యా!”

“అరవకు. చెప్తాను,” అని అరుగు మీద కూలబడింది. “మొదటి డబ్బా తెచ్చిన రోజునే తీసేశాను. ఆ లావణ్య సంగతి విన్నాక, ఎవడో ఇచ్చిన పిండి నా కోడలి గొంతులోకి ఎలా పోనిస్తాననుకున్నావు? నీతో చెప్తే వినవు. మాస్టారి మాట దేవుడి వాక్యం నీకు. అందుకని ఆయన పిండి తీసేసి, ఆ డబ్బాలోనే మన పిండి పోశాను. మినుములు, చోళ్ళు, తాటిబెల్లం. నా పిల్లలందర్నీ దాంతోనే పెంచాను, ఎవరూ చావలేదు.”

“ప్రతిసారీనా?”

“ప్రతి డబ్బానీ. నువ్వు పనికెళ్ళగానే మార్చేసేదాన్ని.”

తబితకి మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచి ఏడుపొచ్చి, అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది. ఏ మందూ లేదు. ఒంట్లోకి పోయింది అత్తగారి చేతి మినప్పిండి తప్ప ఇంకేమీ కాదు. అయితే ఆ బరువులెత్తింది తనే, ఒట్టి తన ఒళ్ళే! తొమ్మిదేళ్ళ కిందట నేర్చుకున్నదాన్ని ఆ ఒళ్ళు ఎక్కడ దాచుకుందో, అడగ్గానే తెచ్చి ఇచ్చేసింది. ఇచ్చినందుకు దాన్నే దొంగని చూసినట్టు చూసింది తను. ఆ తర్వాత మాస్టారి ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది.

“మరి ఆయనిచ్చిన పిండేం చేశారు?”

“ప్రభువిచ్చిన తిండి పారబోస్తానా? దాచాను. ఇవాళ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టి నాలుగు కడిగేస్తాను. డబ్బా పట్రమ్మన్నాడన్నావుగా, పట్టుకెళ్దాం పద.”

“వద్దత్తయ్యా. అందులో ఏమీ ఉండదు. నేనే పొరపాటు పడ్డాను.”

“ఉందో లేదో ఆయన మొహం చూస్తే తెలుస్తుంది,” అంది సంపూర్ణమ్మ. కోడలికి అనుమానం తీరింది గాని, అత్తగారికి తీరలేదు.

సాయంత్రం విజయ్ పాల్ బండి మీద ముగ్గురూ షెడ్డుకి వెళ్ళారు. పిల్లలెవరూ ఇంకా రాలేదు. మాస్టారు గుడ్డతో బారు తుడుస్తున్నారు, మాణిక్యాంబగారు గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతున్నారు. సంపూర్ణమ్మ కర్ర పొడుచుకుంటూ లోపలికెళ్ళి, కొడుకు మోసుకొచ్చిన స్టీలు క్యాను బల్ల మీద పెట్టించి మూత తీసింది. అంచుల దాకా పిండి.

“ఇదిగోనండి మీ పిండి. లెక్క చూసుకోండి. మా కోడలు చిటికెడు కూడా తినలేదు.”

మాస్టారు క్యానులో చెయ్యి పెట్టారు. వాసన చూశారు. నాలిక మీద వేసుకున్నారు. “ఇది మాదే,” అన్నారు నెమ్మదిగా. “ఒక్క పూటన్నా తాగలేదా?”

“లేదండి. నేను తాగనివ్వలేదు. ఇంటి తిండే పెట్టాను.”

మాస్టారు తబిత వైపు తిరిగారు. “మరి ఇంజక్షన్లెవరిస్తున్నారమ్మా నీకు?”

మాణిక్యాంబగారి చేతిలో చేట ఆగిపోయింది.

“ఏ ఇంజక్షన్లండి?” అంది తబిత.

ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చేలోపే ఆమెకి అన్నీ తెలిసిపోయాయి. చేతిని వెలుతురుకి తిప్పింది సూది గుర్తుల కోసం. నిద్ర, కోపం, గొంతు అడిగింది ఇచ్చిన మందు పనిచేస్తోందా అని కాదు. తను ఎక్కడో తీసుకుంటోందేమోనని. డబ్బా అడిగింది తనేం కలుపుకుంటోందో చూద్దామని. వారం రోజులుగా తను ఆయన్ని చూసిన చూపే ఆయనా తనని చూశారు.

“నలభై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నానమ్మా,” అన్నారు మాస్టారు బెంచీ మీద కూర్చుంటూ. “ఏడాది మానేసినవాళ్ళు రెండేళ్ళు తంటాలు పడటం చూశాను. తొమ్మిదేళ్ళు ఖాళీగా కూర్చున్న ఒళ్ళు మూడు నెలల్లో ఇలా తిరిగి రావడం నేనెక్కడా...”

“ఖాళీగా ఎవరు కూర్చున్నారండీ?” సంపూర్ణమ్మ కర్ర నేలకేసి కొట్టింది. “లారీలకి మట్టిసంచులెత్తేదెవరు? మూడో వీధి కుళాయి నుంచి నీళ్ళు మోసేదెవరు? నా తుంటి విరిగినప్పుడు ఆర్నెల్లపాటు నన్ను మంచం మీంచి ఎత్తి బాత్రూముకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పడుకోబెట్టింది. నేనేమన్నా పూచికపుల్లలా కనబడుతున్నానా మీకు?”

పూచికపుల్ల కాదు, వడ్లబస్తాలాంటి మనిషి ఆవిడ. ఇంకో సమయంలోనైతే విజయ్ పాల్ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

మాస్టారు తల దించుకున్నారు. “ఇంకో సంగతి కూడా ఉందమ్మా. రేపటికి నీ పేరు లేదు. బుధవారం ఉదయభాస్కర్ గారికి ఫోను చేసి తీసేయమన్నాను. ఇంకో లావణ్య కాకూడదని.”

ఫోనులో విన్న “నాకు నమ్మకం లేదు” అన్న మాట తన గురించే. కోపం ముందుగా రాలేదు, దుఃఖం వచ్చింది. కోపం దాని వెనకాల వచ్చింది.

“నేనూ మిమ్మల్ని అనుమానించానండి,” అంది.

“నన్నా?”

“పిండిలో మందు కలుపుతున్నారనుకున్నాను. ఆత్రేయపురం వెళ్ళి లావణ్యని కూడా అడిగొచ్చాను. కాని నేనెవరికీ ఫోను చెయ్యలేదండి. మీ షెడ్డు మూసేయమని ఎవరికీ చెప్పలేదు.”

మాస్టారి మొహం పాలిపోయింది. “వచ్చే ఏడాది...” అని మొదలుపెట్టి, తబిత కళ్ళలోకి చూసి, మానేశారు. ముప్ఫై రెండేళ్ళ ఆడదానికి వచ్చే ఏడాది ఎంత దూరమో ఆయనకి తెలియంది కాదు.

“ఇంక చూస్తారేంటండీ,” అన్నారు గుమ్మంలోంచి మాణిక్యాంబగారు. “ఆ ఫోను తీయండి.”

ఫోను తీశారు. చెవి మందం కాబట్టి ఎప్పుడూ స్పీకరులోనే పెడతారు. ఉదయభాస్కర్ గొంతు రేకుల కింద గట్టిగా వినిపించింది.

“అదేంటి మాస్టారూ, మొన్న మీరే కదండీ ఆవిడ మీద నమ్మకం లేదన్నారు?”

“అన్నాను. ఇప్పుడు పెట్టమంటున్నాను.”

“రేపు పరీక్ష చేసేవాళ్ళు కూడా వస్తున్నారండి. ఏదన్నా బయటపడితే? కిందటేడు మీరు తెలియదని తప్పుకున్నారు, మేం ఊరుకున్నాం. ఈసారి ఊరుకోడానికి ఉండదు.”

మాస్టారు తబిత వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“ఈసారి తప్పుకోను. పూచీ నాదని రాసుకోండి. ఏదన్నా వస్తే ఆవిడతోపాటు నన్ను కూడా బయటికి పంపండి. షెడ్డు మూసేస్తాను.”

“పెద్ద మాటంటున్నారు మాస్టారూ.”

“తెలిసే అంటున్నాను.”

“సరే, పొద్దున్నే బరువు చూసే వేళకి తీసుకురండి,” అని ఉదయభాస్కర్ ఫోను పెట్టేశాడు. విజయ్ పాల్ ఊపిరి వదిలాడు. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని ప్రభువుకి రెండు ముక్కలు చెప్పుకుని, కళ్ళు తెరిచి, “రేపు నేనూ వస్తాను. అక్కడెవరేం పెట్టినా తినకు, మంచినీళ్ళతో సహా అన్నీ ఇంటి నుంచే,” అంది.

తబిత బారు దగ్గరికి వెళ్ళింది. ప్లేట్లు సరిచేస్తున్నట్టు వంగిందే గాని, వెనక నిలబడ్డ మాస్టారి చూపు ఇంకా తన చేతుల మీదే ఉందని తెలుస్తోంది. లేచి వెనక్కి తిరిగింది.

“అనుమానం ఇంకా పోలేదు కదండీ మీకు?”

అబద్ధం చెప్పడానికైతే మాస్టారికి ఎంతోసేపు పట్టేది కాదు. నిజానికే పట్టింది.

“కొంచెం ఉందమ్మా.”

“మరి పూచీ ఎందుకు పడ్డారండి?”

“లావణ్యప్పుడు కూడా ఇంతే ఉంది. ఎక్కువేం లేదు. అప్పుడు తప్పుకున్నాను.” “ఆ పిల్ల ఆ రోజు నావైపే చూస్తూ నిలబడిందమ్మా.”

“ఆ మాట ఆ పిల్లకి చెప్పారా?”

ఆయన తల అడ్డంగా ఊపారు.

“సోమవారం మా ఆయన బండి ఆత్రేయపురం వెళ్తోందండి,” అంది తబిత. “ముందు సీటు ఖాళీగానే ఉంటుంది.”